కుసూలము, కుంభి, పాతర: ఆపత్కాలమునకు గృహస్థుని సన్నాహము



రేపటి అన్నమును నేడే దాచుకొనుట దైవముపై అవిశ్వాసమగునా? 2020 మార్చి మాసమున దేశమంతటను లాక్‌డౌన్ విధింపబడి, ఆలయములలో భక్తుల దర్శనము నిలిచి, నిత్యార్చనలు మాత్రము ఏకాంతముగా జరుగుచుండిన దినములలో ఈ ప్రశ్నను పలువురు నన్ను అడిగిరి. ఆ దినములలోనే కొందరు అంగళ్లలో దొరికినదెల్ల కొని ఇల్లు నింపుకొనిరి. మరికొందరు నారు పోసినవాడు నీరు పోయడా అనుకొని ఏమియు సమకూర్చుకొనక ఊరకుండిరి. ఈ రెండు మార్గములును శాస్త్రమునకు సమ్మతములు కావని నా అభిప్రాయము. ఎందులకు కావో తెలిసికొనవలెనన్న స్మృతులను మాత్రమే గాక, మన సీమ చరిత్రను కూడ చూడవలసియున్నది.

మా ఇటిక్యాల ప్రాంతము నడిగడ్డ సీమలోనిది. ఉత్తరమున కృష్ణవేణి, దక్షిణమున తుంగభద్ర, నడుమ ఉన్న గడ్డ గనుక ఆ పేరు వచ్చినది. గద్వాల, ఆలంపురము తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండి, పిమ్మట మహబూబునగరమున చేరినవి. రెండు మహానదులు ప్రక్కనుండియు ఈ నేల తరతరములుగా వానకై ఆకాశము వైపు చూచినదే. నదిలో నీరుండును, చేనిలో ఉండదు. ఒక ఏడు కరువు, మరొక ఏడు వరద. అందుచేత ఆపత్కాలపు సన్నాహమనునది ఇచ్చటి గృహస్థులకు పుస్తకములలో చదివి తెలిసికొనిన విషయము కాదు.

స్మృతులలో నాలుగు విధముల గృహస్థులు

మనుస్మృతి నాల్గవ అధ్యాయము బ్రాహ్మణ గృహస్థుని జీవనవృత్తిని చెప్పుచు, ఇంటిలోని ధాన్యపు నిల్వను బట్టి అతనిని నాలుగు విధములుగా విభజించినది. కుసూలమనగా గాదె. గాదె నిండ ధాన్యము గలవాడు కుసూలధాన్యకుడు. కుంభి అనగా కుండ. కుండ నిండ ధాన్యము గలవాడు కుంభీధాన్యకుడు. మూడు దినములకు చాలునంత గలవాడు త్ర్యహైహికుడు. శ్వః అనగా రేపు. రేపటికి ఏమియు దాచుకొననివాడు అశ్వస్తనికుడు. ఈ నలుగురిలో ముందు చెప్పబడినవానికంటె తరువాత చెప్పబడినవాడు శ్రేష్ఠుడని స్మృతి నిర్ణయము. యాజ్ఞవల్క్య స్మృతియు ఈ నాలుగు భేదములను అంగీకరించినది.

పైకి చూచిన ఇది నిల్వను నిందించు వాక్యముగనే తోచును. కాని వ్యాఖ్యాతలు ఇచ్చట ఆగి ఒక ప్రశ్న వేసిరి. గాదె యనిన ఎంత? కుండ యనిన ఎంత? కుల్లూక భట్టు మూడు సంవత్సరములకు చాలు ధాన్యము కుసూలమనియు, ఒక సంవత్సరమునకు చాలునది కుంభి యనియు చెప్పెను. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు అందుకు భిన్నముగ, కుటుంబ పోషణకు పన్నెండు దినములకు చాలునది కుసూలమనియు, ఆరు దినములకు చాలునది కుంభి యనియు లెక్కవేసెను. విజ్ఞానేశ్వరుడు మనకు దూరపువాడు కాడు. కల్యాణి రాజధానిగ 1076 నుండి 1126 వరకు ఏలిన చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని ఆశ్రయమున ఉండినవాడు. ఆ చాళుక్యుల ఏలుబడిలోనే మన ఆలంపుర క్షేత్రమును ఉండినది.

మూడు సంవత్సరములకును పన్నెండు దినములకును నడుమ ఎంత దూరము! కుల్లూకుని లెక్కకు ఆధారము అదే మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున కలదు. తాను పోషింపవలసిన వారికి మూడేండ్లకు చాలు అన్నము గలవాడే సోమయాగమునకు అర్హుడని అచ్చట చెప్పబడినది. యాగము చేయుటకు ముందు ఇంటిలోని వారికి అన్నమున్నదా యని శాస్త్రము అడుగుచున్నది. అంతటితో ఆగక, తన వారు దుఃఖముతో బ్రదుకుచుండగ పరులకు దానము చేయువాని ధర్మము ధర్మము కాదు, ధర్మము వలె కనబడునది మాత్రమే యని కూడ ఆ అధ్యాయమే హెచ్చరించినది.

ఈ రెండు అధ్యాయములను కలిపి చదివినపుడు నాకు తోచు సమన్వయమిది. రేపటిని గూర్చి చింత లేకుండుట తన ఒక్కని విషయమున త్యాగము. తనపై ఆధారపడిన తల్లిదండ్రుల, బిడ్డల, పనివారి, పశువుల విషయమున అదే నిశ్చింత ఉపేక్ష యగును. అశ్వస్తనికుని శ్రేష్ఠత అతని వైరాగ్యమునకు చెందినది. ఇతరుల ఆకలిని పణముగ పెట్టి ఆ శ్రేష్ఠతను పొందుట కుదరదు. కావున శాస్త్రము అడుగు ప్రశ్న ఎంత దాచితివి అని కాదు, ఎవరి కొరకు దాచితివి అని.

ఉషస్తి దంపతుల గాథ

ఛాందోగ్యోపనిషత్తు ప్రథమాధ్యాయమున కురుదేశపు కరువు ప్రస్తావన కలదు. పైరులు మటచీహతములైనవని అచ్చట చెప్పబడినది. శంకర భగవత్పాదులు దానిని పిడుగులుగ వ్యాఖ్యానించిరి. మిడుతలని చెప్పినవారును కలరు. ఏదియైనను పంట పోయినది. చక్రుని కుమారుడగు ఉషస్తి, భార్యయగు ఆటికితో కూడ ఇభ్యగ్రామమున దీనస్థితిలో ఉండెను. ఒకడు కుల్మాషములను, అనగా హీనమైన మినుములను, తినుచుండగ ఉషస్తి వానిని యాచించెను. తినుచున్నవి తప్ప వేరు లేవని వాడు చెప్పగ, వానినే ఇమ్మని గ్రహించెను. పిదప ఆ మనుష్యుడు నీరు ఇవ్వబోగ, అది ఎంగిలియని నిరాకరించెను. మరి ఈ గింజలు ఎంగిలి కావా యని వాడు అడిగెను. ఇవి తినకున్న నేను బ్రదుకజాలను, నీరైనచో నాకు కోరినచోట దొరకును అని ఉషస్తి బదులు పలికెను.

ఆపద్ధర్మమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము లేదు. ఆపద ఎంతవరకో మినహాయింపు అంతవరకే. అన్నము విషయమున ఆపద ఉన్నది గనుక నియమము సడలినది. నీటి విషయమున ఆపద లేదు గనుక నియమము నిలిచినది.

ఈ కథను చెప్పువారు సాధారణముగ ఇచ్చటనే ఆపుదురు. కాని నాకు తరువాతి ఘట్టము ముఖ్యముగ తోచును. ఉషస్తి తాను తినగ మిగిలిన గింజలను భార్యకు తెచ్చి ఇచ్చెను. ఆమెకు అప్పటికే భిక్ష లభించియున్నది. ఆమె ఆ గింజలను పారవేయలేదు, దాచిపెట్టెను. మరునాటి ఉదయమున ఉషస్తి, కొంచెము అన్నము దొరికినచో రాజు చేయుచున్న యజ్ఞమునకు పోయి ధనము సంపాదింపగలను గదా యని అనుకొనగ, ఆమె ఆ గింజలనే తీసి ఇచ్చెను. వానిని తిని, యజ్ఞశాలకు పోయి, ఋత్విజులు ఏ దేవతను తెలియక స్తుతించుచున్నారో ఆ దేవతను వారికి బోధించెను. అందులో ప్రతిహారమునకు దేవత అన్నమే యని చెప్పెను.

కరువు కాలమున ఒక ఇల్లాలు దాచిన పిడికెడు పాసిన గింజలు ఆనాడు ఒక యజ్ఞమును నిలబెట్టినవి. ఆటికి సన్నాహము కుసూలము కాదు, కుంభియు కాదు. నేటి అవసరము తీరినపుడు మిగిలినదానిని రేపటికి ఉంచుట మాత్రమే. మన ఇండ్లలో వంటకు కొలిచిన బియ్యము నుండి నిత్యము ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయు ఆచారమున్నది. దాని తత్త్వము ఇదియే.

కౌటిల్యుని కోష్ఠాగారము

గృహస్థునికి స్మృతులు చెప్పినదానిని రాజ్యమునకు కౌటిల్యుడు చెప్పెను. మైసూరున శామశాస్త్రి గారి కృషిచేత 1909లో ముద్రణమునకు వచ్చిన అర్థశాస్త్రమున, రెండవ అధికరణము ఈ విషయమున మిక్కిలి విలువైనది. దుర్గములో అనేక సంవత్సరములకు చాలునట్లు నూనెలు, ధాన్యము, బెల్లము, ఉప్పు, ఔషధములు, ఎండు కూరలు, పశువుల మేత, కట్టెలు మొదలగువానిని నిల్వ చేయవలెనని అందు కలదు. కోష్ఠాగారమున చేరిన దానిలో సగము జానపదుల ఆపదకై ఉంచి, సగమును మాత్రమే వాడవలెనని మరొకచోట విధింపబడినది. రెండు తావులందును ఒకే నియమము వచ్చును. క్రొత్తది చేరినపుడు ప్రాతదానిని తీసివేసి శుద్ధి చేయవలెను.

ఈ చివరి నియమము చిన్నదిగ కనబడును. కాని నిల్వ యంతయు దానిపైననే నిలిచియున్నది. తీయకుండ దాచినది పురుగుపాలగును. మన ఇండ్లలో ప్రాత చింతపండు అయిన పిమ్మట క్రొత్తది విప్పుట, ప్రాత ఊరగాయ జాడీ ముందుకు జరిపి క్రొత్తది వెనుక పెట్టుట, ఏటేట విత్తనపు జొన్నను మార్చుట ఆ నియమమునకు గృహరూపములే. శుష్కశాకములని కౌటిల్యుడు చెప్పినవి మన మిద్దెలపై ఎండు ఒరుగులే.

నాల్గవ అధికరణమున దైవికములగు ఎనిమిది మహాభయములు లెక్కింపబడినవి. అగ్ని, జలము, వ్యాధి, దుర్భిక్షము, మూషికములు, క్రూరమృగములు, సర్పములు, రాక్షసులు. ఒక్కొక్క భయమునకు ఒక్కొక్క ప్రతీకారము వేరుగ చెప్పబడినది. అగ్నిభయమునకు వేసవిలో ఇంటి వెలుపల వంట. జలభయమునకు నదీతీర గ్రామములవారు వర్షాకాలమున ఒడ్డును విడిచి ఎత్తు ప్రదేశమునకు పోవుట, పలకలు, వెదుళ్లు, పడవలు సిద్ధముగ ఉంచుకొనుట. దుర్భిక్షమునకు రాజు విత్తనములను అన్నమును ఇచ్చుట, లేదా కోటలు, కట్టలు వంటి పనులు పెట్టి కూలిగ అన్నమిచ్చుట, ఉన్నదానిని పంచుట. అదే అధికరణమున వర్తకులు అనుమతి లేక ధాన్యమును పోగుచేసినచో పణ్యాధ్యక్షుడు దానిని స్వాధీనము చేసికొనవలెనని కూడ ఉన్నది. కుటుంబ రక్షణకు దాచుట వేరు, ధర పెరుగుటకై దాచుట వేరు అను వివేకము ఈ విధముగ ప్రాచీనమైనదే.

నడిగడ్డ పాతరలు

మన సీమలో కుసూలమునకు దేశీయ రూపములు మూడు. గుమ్మి యనగా వెదురుబద్దలతోనో కంపతోనో అల్లి, మట్టి పేడ కలిపి పూసిన పెద్ద గాదె. కాగు యనగా పెద్ద మట్టి బాన. పాతర యనగా నేలలో త్రవ్విన ధాన్యపు గొయ్యి. జొన్న పండు మెట్టసీమలలో పాతరకు ప్రాధాన్యము ఎక్కువ.

పాతరను నీరు నిలువని గట్టినేలలో త్రవ్వుదురు. లోపల చొప్పగాని వరిగడ్డిగాని పరచి, చుట్టును దట్టముగ అమర్చి, బాగుగ ఎండిన జొన్నలను పోసి, పైన మరల గడ్డి కప్పి, మూతికి బండ పెట్టి మట్టితో మెత్తుదురు. మూసిన పాతరలో గింజ ఊపిరి తీయుచు లోపలి ప్రాణవాయువును హరించును. దానిచేత పురుగు బ్రదుకదు. సరిగ మూసిన పాతరలో జొన్న కొన్ని సంవత్సరములు నిలుచును. ఆ కారణము చేతనే పాతరను తెరచిన వెంటనే దిగరాదు. లోపలి గాలి మనిషికిని ప్రాణాంతకము. మూత తీసి చాలసేపు గాలి ఆడనిచ్చి, దీపమును దింపి అది ఆరకున్న పిమ్మటనే పెద్దలు మనిషిని దింపుచుండిరి.

పప్పుధాన్యములకు వేరు పద్ధతి. కందులకు ఎఱ్ఱమట్టి పట్టించి ఎండబెట్టుట, పెసలకు ఆముదము రాచుట, గింజలలో వేపాకు గాని బూడిద గాని కలుపుట. విత్తనపు గింజను తినెడు గింజతో కలుపరు. కడుపు కాలుచున్నను విత్తనపు కుండను ముట్టరాదని రైతు నియమము. ఎందుకనగ దానిని తిన్నచో ఈ ఏటి కరువు వచ్చు ఏటికి కూడ వ్యాపించును. పశువుల చొప్పవామి కూడ ఇంటి నిల్వలో భాగమే. ఎద్దు చచ్చిన ఇంట వాన కురిసినను దున్నుటకు ఉండదు.

ధాత కరువు

ఈ ఏర్పాటులన్నియు ఉండగ మన పూర్వులు కరువులలో ఎందులకు మరణించిరి? ఈ ప్రశ్నను తప్పించుకొని మన పెద్దలంతా జ్ఞానులని పొగడుకొనుట చరిత్ర కాదు.

తెలుగువారు కరువులను సంవత్సర నామములతో గుర్తుంచుకొనిరి. 1832-33 నాటి గుంటూరు కరువు నందన కరువు. 1876లో వర్షములు విఫలమై వచ్చినది ధాత కరువు. అది ధాతనామ సంవత్సరముతో ముగియక మరుసటి ఈశ్వరనామ సంవత్సరమునకును సాగినది. మదరాసు రాష్ట్రమున బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి దెబ్బతినినవి. తుంగభద్రకు ఆవలి ఒడ్డుననున్న కర్నూలు జిల్లా జనాభా 1871లో 9 లక్షలకు మించియుండగ, 1881 నాటికి దాదాపు నాలుగవ వంతు తరిగినది. అందరును మరణించినవారు కారు, వలసపోయినవారును కలరు. అయినను నలుగురిలో ఒకడు ఊరిలో లేకపోవుట అనిన ఎట్టిదో ఊహించుకొనుడు. నదికి ఈవలనున్న నిజాము రాజ్యపు రాయచూరు సీమయు ఆ కరువునకు గురియైనదే.

ఆ సమయముననే 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో రాజప్రతినిధి లిట్టను ప్రభువు మహారాణికి చక్రవర్తినీ బిరుదము ప్రకటించుటకు దర్బారు జరిపెను. అదే మాసమున అతడు పంపిన రిచర్డు టెంపులు, సహాయపు పనులు చేయు మగవానికి దినకూలి ఒక పౌను ధాన్యము, దానిపై ఒక అణా యని నిర్ణయించెను. పౌను అనగ అరకిలో కంటె తక్కువ. అంతటితో దినమంతయు రాళ్లు మోయు మనిషి బ్రదుకలేడని మదరాసు పారిశుద్ధ్య కమీషనరు డాక్టరు కార్నిష్ ఎదిరించెను. వాదము జరుగుచుండగనే ప్రజలు కృశించిరి. దేశము నుండి ధాన్యపు ఎగుమతులు ఆ కాలమునను ఆగలేదు.

కరువు పిమ్మట ఏర్పడిన విచారణ సంఘము 1880లో నివేదిక సమర్పించినది. దాని ముఖ్య నిర్ణయములలో ఒకటి మనము మరువరానిది. వాన పోయినపుడు మొదట నశించునది కూలి. పొలములో పని ఆగినదినముననే కూలివానికి అన్నము కొను శక్తి పోవును. దేశములో ఎక్కడనో ధాన్యము ఉండవచ్చును, అతనికి మాత్రము లేదు. ఈ జ్ఞానము నుండియే 1883 మొదలు కరువు నిబంధనావళులు పుట్టినవి.

ఇప్పుడు పాతర వైపు చూడుడు. పాతర భూమి గలవానిది. గుమ్మి పంట గలవానిది. కూలివాని ఇంట ఉండినది గురిగి మాత్రమే. స్మృతిభాషలో చెప్పవలెనన్న ఊరిలో సగము మంది అశ్వస్తనికులు. కాని వారిది వైరాగ్యము కాదు, లేమి. వారి అశ్వస్తనత్వమును పొగడు హక్కు నిండిన గాదె గలవానికి లేదు. మన పూర్వుల సన్నాహము ఓడినది గింజను దాచు విద్యలో కాదు, దాచిన గింజ ఎవరి వరకు చేరవలెనను విషయములో.

ఓడనివారును ఉండిరి. ధాత కరువునకు పదేండ్లు ముందు, 1866 నాటి కరువులో, కర్నూలు జిల్లా ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి గారు తమ ధాన్యముతో నెలల తరబడి వేలాది జనులకు అన్నము పెట్టించిరి. విక్టోరియా మహారాణి ప్రభుత్వము వారికి బంగారు పతకమిచ్చి గౌరవించినది. రాయలసీమ జనులు పతకమును గాక ఆ అన్నమును తలచి నేటికిని ఆయనను కీర్తించుచున్నారు. మనువు చెప్పిన పోష్యవర్గమునకు ఆయన తన ఇంటి గడపను హద్దుగ ఉంచుకొనలేదు.

2009 వరద నేర్పినది

కరువునకు దాచుకొను విద్య వరదకు పనికిరాదని 2009 అక్టోబరు మాసపు మొదటి దినములు చూపినవి. కృష్ణా తుంగభద్రలు రెండును ఒకేసారి పొంగినవి. శ్రీశైలము జలాశయమునకు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహము చేరినది. కర్నూలు నగరము మునిగినది. ఈవలి ఒడ్డున రాజోలి మొదలగు తుంగభద్రా తీరగ్రామములు నీటిపాలైనవి. ఆలంపుర క్షేత్రములోనికిని వరద చొచ్చినది.

పాతరలో నీరు దిగిన జొన్న కుళ్లును. గుమ్మి మట్టి కరగిపోవును. చుట్టును సముద్రము వలె నీరుండగ త్రాగుటకు చెంబెడు నీరు దొరకదు. ధాన్యము పోయినను మరల వచ్చును గాని, పట్టాదారు పాసుపుస్తకములు, రేషను కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు తడిసి ముద్దయైన వారికి కష్టము నెలల తరబడి సాగును. కౌటిల్యుడు ఎనిమిది భయములకు ఎనిమిది ప్రతీకారములను వేరువేరుగ ఎందులకు చెప్పెనో ఇప్పుడు బోధపడును. దుర్భిక్షమునకు క్రిందికి త్రవ్వవలెను, జలమునకు పైకి ఎక్కవలెను. వ్యాధికి దూరముగ ఉండవలెను. ఒకే సన్నాహము అన్ని ఆపదలకు చాలదు.

2020లో వచ్చినది మూడవ విధపు ఆపద. గింజకు కొరత లేదు, దారి మూసుకొనినది. తెలంగాణ ప్రభుత్వము ఆహారభద్రత కార్డు గల కుటుంబములకు మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1500 రూపాయలను ఇచ్చినది. ఊరిలో ఉన్నవారికి అది ఆధారమైనది. కాని పాలమూరు సీమ నుండి దూరనగరములకు కూలికి పోయిన వారి కార్డు ఊరిలో, వారు మరియొకచోట. పని ఆగినదినముననే అన్నమునకు దారి మూసుకొనినది. 1880 నాటి నివేదికలోని మాట నూటనలుబది ఏండ్ల పిమ్మటను చెల్లినది.

నేటి గృహమునకు

పాతరలు నేడు పూడిపోయినవి. మూడేండ్ల ధాన్యము దాచుట నేటి ఇంటికి సాధ్యమును కాదు, అవసరమును కాదు. విజ్ఞానేశ్వరుని లెక్క మాత్రము నేటికి చక్కగ సరిపోవును. దారులు మూసినను, కరెంటు పోయినను, అంగడి తెరవకున్నను పన్నెండు దినములు ఇల్లు గడచునట్లు ఉంచుకొనుట కుసూలము. అది కుదరనివారికి ఆరు దినముల కుంభి. అదియు కుదరనివారికి మూడు దినములు. ఏ ఇల్లైనను ఈ మెట్లలో ఒకదానిపై నిలువవచ్చును.

లెక్క కష్టమైనది కాదు. మనిషికి దినమునకు బియ్యము గాని జొన్న గాని సుమారు 400 గ్రాములు అనుకొన్నచో, అయిదుగురు గల ఇంటికి పన్నెండు దినములకు 24 కిలోలు. దానికి తగిన కందిపప్పు, ఉప్పు, నూనె, చింతపండు, బెల్లము, కొంచెము అటుకులో పేలాలో. వండుటకు వీలులేని దినమున ఇవియే ఆదుకొనును. త్రాగుటకును వంటకును మనిషికి దినమునకు 4 లీటర్ల నీరు మూతగల పాత్రలలో. బి.పి., చక్కెర వ్యాధి గల పెద్దలకు రెండు వారముల మందులు. పసిబిడ్డ ఉన్న ఇంట బిడ్డకు కావలసినవి. అగ్గిపెట్టె, టార్చిలైటు, కొంత చేతి రొక్కము. నదీతీర గ్రామములవారు కాగితములన్నియు నీరు చొరని సంచిలో ఉంచి, అటక మీద గాక చేతికందు చోట పెట్టుకొనవలెను. పశువుల పలుపులు వెంటనే విప్పుటకు వీలుగ ఉండవలెను.

ఇవన్నియు ఒకేసారి కొనవలసిన పని లేదు. నెలసరి సరుకులతో కొంచెము కొంచెము చేర్చి, క్రొత్తది వెనుకకు, ప్రాతది ముందుకు జరుపుచు వాడుకొనినచో ఏమియు చెడదు. ఆపద వచ్చిన దినమున అంగడికి పరుగెత్తి పది సంచులు కొనువాడు మాత్రము తన వెనుక నిలిచిన కూలివాని సంచిని కూడ ఎత్తుకొని పోవుచున్నాడు. ముందుగ మెల్లగ దాచుకొనుట ఆ పాపము నుండి కూడ రక్షించును.

మరియొక విషయము. పన్నెండు దినముల లెక్క వేయునపుడు ఇంటిలోని తలలను మాత్రమే లెక్కించకుడు. మీ పొలములో పనిచేయువారు, ఇంట పాచిపని చేయు అమ్మ, వీధి చివర ఒంటరిగనున్న వృద్ధుడు, కొడుకు వలసపోగ మనుమలతో మిగిలిన అవ్వ, వీరిలో ఒకరినైనను లెక్కలో చేర్చుడు. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి అన్నమును విస్తారముగ చేయుట వ్రతమని చెప్పి, ఆ వెంటనే ఇంటికి వచ్చినవానిని త్రిప్పి పంపరాదను వ్రతమును చెప్పినది. ఆ రెండును ఒకే చోట ఉండుట నాకు ఊరక జరిగినదిగ తోచదు.

ఉగాది నాడు ఆలయమున పంచాంగ శ్రవణము వినుచు ఈ ఏడు వాన ఎన్ని పాళ్లు, పంట ఎన్ని పాళ్లు అని అందరును ఆసక్తితో అడుగుదురు. ఫలము ఏమని చెప్పబడినను, ఇంటికి పోయిన పిమ్మట గింజ ఎంత ఉన్నదో, మందులు ఎన్ని దినములకు చాలునో, కాగితములు ఎక్కడ ఉన్నవో ఒకసారి చూచుకొనుడు. ప్రక్క ఇంటి గురిగిలో ఏమున్నదో కూడ అడిగి తెలిసికొనుడు.

స్వస్తి.